యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళల్లో ఏది ఎవరికి? పాలకొల్లు మందుల షాపు కౌంటర్ మీంచి చెప్తున్నానండి

మొన్న పొద్దున్నే షట్టర్ ఎత్తి దేవుడి పటం దగ్గర అగరొత్తి గుచ్చేలోపే ఒకాయన వచ్చేశాడండి, చేతిలో ఫోను, ఫోన్లో ఏదో వీడియో, "బాబూ మంచి యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు ఉంటే ఇయ్యి" అన్నాడు. ఏది కావాలి బాబాయ్ అంటే "అదే, మంచిది" అన్నాడు. ఎందుకు అంటే "వంటికి మంచిదంట కదా". ఇలాంటి బేరం వారానికి పది పన్నెండు వస్తుంది నాకు, అమ్మేస్తే లాభమే, ఈ బిళ్ళల మీద మార్జిన్ జ్వరం బిళ్ళల కన్నా బాగానే ఉంటుంది, దాపరికం ఎందుకు. కానీ ఆ మాట మీద స్ట్రిప్పు తీసి ఇవ్వడానికి నాకు చెయ్యి రాదండి. ఎందుకంటే యాంటీ ఆక్సిడెంట్ అనేది పని పేరు, మందు పేరు కాదు. "ఓ కూలి మనిషి కావాలి" అన్నట్టు ఉంటుంది. ఎందుక్కావాలి? కొబ్బరి దింపుకా, నాట్లకా, చెరువు పట్టుబడికా? దింపు తీసేవాణ్ణి తీసుకెళ్ళి నాట్లలో దింపితే వాడికీ సుఖం ఉండదు, మీ చేనుకీ ఉండదు.

ఆ పని ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. అరటికాయ కోసి ఊరికే వదిలేస్తే కాసేపటికి ముక్కలు నల్లబడిపోతాయి కదా, అందుకే మన ఆడాళ్ళు వాటిని పల్చటి మజ్జిగలోనో నిమ్మరసం పిండిన నీళ్ళలోనో వేస్తారు. గాల్లో ఉన్న ఆక్సిజన్ వల్ల నలుపు వస్తుంది, నిమ్మలో ఉన్న సి విటమిను దాన్ని ఆపుతుంది. మన కణాల్లో కూడా తిండి నుంచి శక్తి తీసేటప్పుడు అలాంటి నిప్పురవ్వలు లేస్తూనే ఉంటాయి, వాటిని ఆర్పడానికి శరీరానికి సొంత సరంజామా ఉంది. ఆ నిప్పురవ్వలన్నీ చెడ్డవి కావండోయ్, చాలామందికి తెలియంది ఇదే. 2009లో ఒక పరిశోధనలో వ్యాయామం చేసే కుర్రాళ్ళకి రోజూ 1000 ఎంజీ సి విటమిను, 400 యూనిట్ల ఇ విటమిను ఇచ్చి చూస్తే, బిళ్ళలు వేసుకోని వాళ్ళకి వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచెయ్యడం మొదలైంది, వేసుకున్న వాళ్ళకి ఆ లాభం రాలేదు. రవ్వ లేవకపోతే ఒంటికి పని చేసుకోవాలన్న కబురు అందదన్నమాట. కాబట్టి ఏ జబ్బూ లేకుండా పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచొచ్చే మనిషికి వీటిల్లో ఏదీ అక్కర్లేదు, నేను ఇవ్వను కూడా.

జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. అక్కడ పోలిక చెప్పొచ్చు.

ముందు కోఎంజైమ్ క్యూ టెన్, ఇప్పుడు అందరి నోటా ఇదే. 1957లో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఫ్రెడరిక్ క్రేన్ అనే ఆయన ఎద్దు గుండెలోంచి తీశాడు దీన్ని, తర్వాతి ఏడాది కార్ల్ ఫోకర్స్ వాళ్ళ బృందం దాని నిర్మాణం తేల్చింది. గుండెలోనే దొరకడంలో వింతేం లేదు, రాత్రీ పగలూ ఆగకుండా కొట్టుకునే కండరం కదా, శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు అక్కడ కిక్కిరిసి ఉంటాయి, క్యూ టెన్ అందులో ఎలక్ట్రాన్లని ఒకచోట నుంచి ఇంకోచోటికి మోసే పడవలాంటిది. పడవ పని చేస్తూనే ఆ నిప్పురవ్వల్ని కూడా ఆర్పుతుంది. దీన్ని మన ఒళ్ళే తయారుచేసుకుంటుంది, వయసు మీద పడేకొద్దీ కాస్త తగ్గుతుంది.

దీనికోసం ఎక్కువగా వచ్చేది కొలెస్ట్రాల్ బిళ్ళ వేసుకునేవాళ్ళు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి స్టాటిన్ బిళ్ళలన్నీ లివర్లో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిని పైనే బిగిస్తాయి, క్యూ టెన్ తయారయ్యేదీ ఆ దారి కిందే. విజ్జేశ్వరంలో హెడ్ స్లూయిస్ తలుపులు దించేస్తే నరసాపురం కాలవకీ నీళ్ళు తగ్గుతాయి, దాని పిల్ల కాలవలకీ తగ్గుతాయి, అలా. స్టాటిన్ వాడితే రక్తంలో క్యూ టెన్ తగ్గుతుందన్నది నిజమే. మరి క్యూ టెన్ వేసుకుంటే ఆ బిళ్ళల వల్ల వచ్చే కండరాల నొప్పులు తగ్గుతాయా అంటే, కొన్ని పరిశోధనల్లో తగ్గాయి, కొన్నిట్లో ఉత్తుత్తి బిళ్ళతో (పోలిక కోసం ఇచ్చే మందు లేని బిళ్ళ) సమానంగానే ఉంది. నొప్పులుంటే ముందు డాక్టరు గారితో చెప్పి డోసు తగ్గించడమో మందు మార్చడమో చూసుకోవాలి, కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే అని రక్తపరీక్ష ఉంది అది చేయించుకోవాలి, ఆ తర్వాత కావాలంటే ఓ మూడు నెలలు క్యూ టెన్ వేసి చూడొచ్చు. అంతేగానీ నొప్పులని ఆ కొలెస్ట్రాల్ బిళ్ళ ఆపేసి దాని బదులు ఇది వేసుకుంటామంటే మాత్రం నేను దండం పెట్టి చెప్తాను, వద్దండి. స్టెంటు వేయించుకున్నవాళ్ళు అసలు ఆ ఆలోచనే చెయ్యకూడదు.

గుండె బలహీనమై ఆయాసం, కాళ్ళ వాపు ఉన్నవాళ్ళకి కాస్త గట్టి ఆధారం ఉంది. 2014లో వచ్చిన క్యూ సింబియో అనే ట్రయల్లో 420 మందిని తీసుకుని, మామూలు గుండె మందులు ఆపకుండానే, దాదాపు సగం మందికి 100 ఎంజీ చొప్పున రోజుకి మూడుసార్లు రెండేళ్ళు ఇచ్చారు. గుండెకి సంబంధించిన పెద్ద ప్రమాదాలు క్యూ టెన్ వేసుకున్న వాళ్ళలో 15 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న వాళ్ళలో 26 శాతం. చిన్న లెక్క కాదది, కానీ మనుషులు 420 మందే, అంత పెద్ద ట్రయల్ ఇంకోటి వచ్చి అదే మాట చెప్తే అప్పుడు పూర్తి ధైర్యం. మైగ్రేన్ తలనొప్పికి కూడా వాడతారు, 2005లో 42 మంది మీద రోజుకి 300 ఎంజీతో చేసిన చిన్న పరిశోధనలో దాదాపు సగం మందికి తలనొప్పులు సగానికి తగ్గాయి, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న వాళ్ళలో ఏడుగురిలో ఒకళ్ళకే తగ్గాయి. పిల్లలు లేరని తిరిగే జంటలకి సంతాన కేంద్రాల్లో రాస్తుంటారు, వీర్యకణాల కదలిక బాగుపడినట్టు పరిశోధనలున్నాయి, కానీ ఒళ్ళో బిడ్డ వచ్చేదాకా లెక్క అంత తేటగా లేదు. పార్కిన్సన్స్ వణుకుడు జబ్బుకైతే 600 మంది మీద రోజుకి 1200, 2400 ఎంజీ దాకా ఇచ్చి చూసి లాభం లేదని తేల్చేశారు, ఆ జబ్బుకి కొనకండి.

కొనేటప్పుడు డబ్బాల మీద యుబిక్వినోన్ అని ఒకటి, యుబిక్వినాల్ అని ఒకటి ఉంటాయి. రెండోది ముందే తయారైపోయిన రూపం, రేటు బాగా ఎక్కువ. ఒళ్ళు మొదటిదాన్ని రెండోదిగా తనే మార్చుకుంటుంది, పైన చెప్పిన గుండె ట్రయల్ కూడా మొదటి రకంతోనే చేశారు, కాబట్టి అంత డబ్బు పెట్టక్కర్లేదని నా ఉద్దేశం. ఏదైనా నూనెలో కరిగే సరుకే, అందుకే మెత్తటి క్యాప్సూల్లో నూనెతో ఉన్నది తీసుకుని మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకోండి, ఉత్తి కాఫీతో మింగితే సగం వృథా. రాత్రి పొద్దుపోయాక వేసుకుంటే కొందరికి నిద్ర పట్టదు. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి, గుండె వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ గానీ అసెనోకుమరాల్ గానీ వాడేవాళ్ళు దీన్ని సొంతంగా ముట్టుకోవద్దు, దీని రూపం కె విటమినుకి దగ్గర, రక్తం పల్చన చేసే మందు పని తగ్గిపోవచ్చు. మా దగ్గరికి వచ్చే ఒక అత్తగారికి ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే లెక్క, ఉన్నట్టుండి ఎందుకు పడిపోయిందా అని రెండు వారాలు కొట్టుకున్నారు, చివరికి హైదరాబాద్ నుంచి కొడుకు పంపిన "బలం బిళ్ళలు" డబ్బా బయటపడింది, అందులో ఇదే ఉంది.

ఇక మన గోదావరి జిల్లాలకి క్యూ టెన్ కన్నా ఎక్కువ అవసరం పడేది ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ అంటాన్నేను. మూడు పూటలా తెల్లన్నం, పైన పూతరేకులూ కాజాలూ, ఇంటికో షుగర్ మనిషి ఉన్నాడు. పదేళ్ళు షుగర్ అయ్యాక అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, చీమలు పాకినట్టు, రాత్రిళ్ళు దుప్పటి తగిలినా భరించలేకపోవడం, ఈ బాధలకి జర్మనీలో చాలా ఏళ్ళుగా వాడుతున్న మందు ఇది. 2006లో సిడ్నీ 2 అనే ట్రయల్లో 181 మందికి అయిదు వారాలు 600, 1200, 1800 ఎంజీలు విడివిడిగా ఇచ్చి చూస్తే అన్నిట్లోనూ మంటలు, పోట్లు తగ్గాయి, 600 దాటితే లాభం పెరగలేదు, వాంతులూ వికారమూ మాత్రం పెరిగాయి. అంటే 600 చాలు. అయితే నాథన్ అని నాలుగేళ్ళు 460 మంది మీద చేసిన ఇంకో ట్రయల్లో అసలు పెట్టుకున్న గురి చేరలేదు, కాబట్టి బాధ తగ్గిస్తుందే గానీ చెడిన నరాన్ని మళ్ళీ మొలిపిస్తుందని మాత్రం అనుకోకండి.

ఇక్కడే షాపు మనిషిగా ఒక లోగుట్టు చెప్పాలి. మన మార్కెట్లో "నరాల బిళ్ళ" అని అమ్మే కాంబినేషన్లు తిరగేసి చదవండి, మిథైల్ కోబాలమిన్ 1500 మైక్రోగ్రాములు, బీ6, ఫోలిక్ ఆసిడ్, వాటితో పాటు ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ 100 ఎంజీ ఉంటుంది చాలావాటిల్లో. ట్రయల్లో ఇచ్చింది 600, మీ స్ట్రిప్పులో ఉంది 100. ఆరు బిళ్ళలు మింగితే మిగతా విటమిన్లు తలకు మించిపోతాయి. అందుకని మంటలకోసమే అయితే ఇదొక్కటే విడిగా ఉన్న బిళ్ళ డాక్టరు గారి చేత రాయించుకోండి, తిండికి అరగంట ముందు పరగడుపున వేసుకోవాలి, అన్నంతో వేసుకుంటే ఒంటికి తక్కువ ఎక్కుతుంది. క్యూ టెన్‌కి అన్నం కావాలి, దీనికి ఖాళీ కడుపు కావాలి, రెండూ కలిపి గుప్పెట్లో పోసుకుని మింగేవాళ్ళని రోజూ చూస్తాను. షుగర్ బిళ్ళలతో పాటు వేసుకుంటే షుగర్ కొంచెం కిందకి దిగొచ్చు, మొదటి వారం చూసుకుంటూ ఉండాలి, చెమటలు పట్టి కళ్ళు తిరిగితే ఆపేసి చెప్పాలి.

దీనికన్నా ముందు బీ12 పరీక్ష చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, అది తగ్గినా ఇవే తిమ్మిర్లు. శాకాహారులకైతే మరీను. బీ12 తక్కువై మంటలొస్తుంటే ఖరీదైన యాంటీ ఆక్సిడెంట్ ఏం చేస్తుంది పాపం. ఇంకోటి, స్పర్శ తగ్గిన కాళ్ళతో రొయ్యల చెరువు గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళకి ఏ బిళ్ళ కన్నా ముందు ఒక జత మెత్తటి చెప్పులు కొనమంటాను, నత్తగుల్ల కోసుకున్న సంగతి మూడోరోజు వాసనొస్తే గానీ తెలియని మనుషులున్నారు మా ఏరియాలో.

రొయ్యలంటే గుర్తొచ్చింది, భీమవరం వైపు నుంచి ఒక రైతు వచ్చి "మేం మేతలో వేసే ఆస్టాజాంథిన్ మనుషులకి కూడా అమ్ముతున్నారంట, నిజమేనా" అని అడిగాడు. నిజమే. రొయ్య ఉడికితే ఎర్రబడేది దాని వల్లే, పచ్చిగా ఉన్నప్పుడు అది ఒక ప్రోటీనుకి అతుక్కుని రంగు దాచుకుంటుంది, వేడికి ప్రోటీను వదిలేస్తే ఎరుపు బయటికొస్తుంది. మనిషికి అది ఫలానా జబ్బు తగ్గిస్తుందని చెప్పేంత పెద్ద ఆధారమైతే లేదు, ఇగురు వండుకుని తినండి చాలు అన్నాను.

ఎన్-ఎసిటైల్ సిస్టీన్, షాపుల్లో ఎన్‌ఏసీ అంటాం, నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే 600 ఎంజీ బిళ్ళ, మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, ఆ వాసన గంధకానిది, బిళ్ళ పాడైపోయిందని వెనక్కి తెచ్చేవాళ్ళున్నారు, పాడవలేదండి అది అంతే. ఈ మొత్తం గుంపులో అసలు సిసలు మందు అంటే ఇదే నా లెక్కలో. పారాసిటమాల్ ఎక్కువైతే లివర్లో గ్లూటాథియోన్ అనే సొంత కాపలా అయిపోయి లివర్ కాలిపోతుంది, ఎన్‌ఏసీ ఆ కాపలాని తిరిగి నింపుతుంది. మింగిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే దాదాపు అందరూ బయటపడతారు, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. ఇది ఆసుపత్రిలో బరువుని బట్టి లెక్కకట్టి ఇచ్చేది, ఇంట్లో పొంగించి తాగేది కాదు, అలాంటి అనుమానం వస్తే ఒంట్లో బానే ఉందని ఆగొద్దు, మొదటి రోజు అంతా బానే ఉన్నట్టు కనిపిస్తుంది, బండెక్కించి తీసుకెళ్ళిపోండి. జ్వరానికి 650 బిళ్ళ రోజుకి ఆరు దాటకూడదు పెద్దవాళ్ళకైనా, పైగా జలుబు బిళ్ళలోనూ ఒళ్ళు నొప్పుల బిళ్ళలోనూ అదే పారాసిటమాల్ ఉంటుందని మర్చిపోతారు. తాగుడు అలవాటు ఉన్నవాళ్ళు, మరీ బక్కగా ఉన్నవాళ్ళు ఆ ఆరు కూడా వేసుకోకూడదు.

దాని రెండో పని కఫం పల్చన చెయ్యడం. చుట్ట తాగి తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు, రైస్ మిల్లు దుమ్ములోనో కొబ్బరి పీచు దుమ్ములోనో ఏళ్ళు గడిపినవాళ్ళు పొద్దున్నే దగ్గి దగ్గి జిగట కఫం తీస్తుంటారు కదా, 2014లో చైనాలో ఇలా ఊపిరితిత్తులు పాడైన (సీఓపీడీ అంటారు) వెయ్యి మంది రోగుల మీద రోజుకి రెండుసార్లు 600 ఇచ్చి ఏడాది చూస్తే జబ్బు తిరగబెట్టడం అయిదో వంతు దాకా తగ్గింది. ఆస్తమా ఉంటే మాత్రం డాక్టరు గారిని అడక్కుండా వద్దు, ఆయాసం పెరగొచ్చు. గుండె నొప్పికి నాలుక కింద బిళ్ళ పెట్టుకునేవాళ్ళు కూడా చెప్పి వాడాలి, బీపీ పడిపోయి తలనొప్పి వస్తుంది. యాంజియోగ్రామ్‌కి ముందు కిడ్నీలు కాపాడుతుందని ఒకప్పుడు అందరికీ ఇచ్చేవారు, 2018లో దాదాపు 5 వేల మంది మీద చూసి లాభం లేదన్నారు, అయినా పాత అలవాటు కొద్దీ చీటీల్లో ఇంకా కనిపిస్తుంటుంది.

ఇ విటమిను సంగతి గబగబా చెప్పేస్తాను. పచ్చ క్యాప్సూల్, సూదితో పొడిచి మొహానికి రాసుకుంటారు, రాసుకోండి, మొటిమల మొహానికి తప్ప పెద్ద నష్టం లేదు. రోజూ మింగడం మాత్రం ఆలోచించాలి. షుగర్ లేకుండా కొవ్వు పట్టి వాచిన లివర్ ఉన్నవాళ్ళకి 800 యూనిట్లు రెండేళ్ళ దగ్గర దగ్గర ఇస్తే 43 శాతం మందికి బాగుపడిందని 2010లో తేలింది, ఉత్తుత్తి బిళ్ళకి 19 శాతం. అది బయాప్సీ చేసి తేల్చిన జబ్బు, ఊరికే స్కానింగ్‌లో "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని రాసింది చూసి మొదలెట్టేది కాదు. ఎందుకంటే 35 వేల మంది మగవాళ్ళ మీద చేసిన సెలెక్ట్ ట్రయల్లో రోజుకి 400 యూనిట్లు వేసుకున్న వాళ్ళకి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువొచ్చిందని 2011లో తేల్చారు. తగ్గుతుందని మొదలుపెట్టిన ట్రయల్ అది.

బీటా కెరోటిన్‌ది ఇంకా ఘోరం. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ళ మీద చూస్తే, ఇది వేసుకున్న వాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది, 1994 నాటి మాట. తర్వాత అమెరికాలో అలాంటిదే ఇంకోటి నష్టం కనిపించి 1996లో మధ్యలోనే ఆపేశారు. క్యారెట్‌లో ఉంటే మంచిది, బిళ్ళలో అంత మోతాదు పొగతాగేవాళ్ళకి చేటు. అందుకే కంటి వెనక పొర (రెటీనా) మధ్యలో వయసుతో వచ్చే మాక్యులా జబ్బుకి ఇచ్చే బిళ్ళల్లో పాత ఫార్ములాలో బీటా కెరోటిన్ ఉండేది, 2013లో వచ్చిన ఆరెడ్స్ 2 పరిశోధన తర్వాత దాని బదులు లూటిన్ 10 ఎంజీ, జియాజాంథిన్ 2 ఎంజీ పెట్టారు. మీ తాతగారికో నాయనమ్మకో కంటి డాక్టరు రాస్తే అట్ట మీద ఈ రెండు పేర్లూ ఉన్నాయో లేదో చూడండి, చుట్ట తాగే తాతగారైతే ఇంకా జాగ్రత్తగా చూడండి. శుక్లాలకి ఇవి పనిచెయ్యవు. మాక్యులా జబ్బు మధ్యదశలో ఉన్నవాళ్ళకీ, ఒక కంట్లో బాగా ముదిరినవాళ్ళకీ లాభం, మిగతావాళ్ళకి తోటకూర, మునగాకు, తణుకు గుడ్డు పచ్చసొన ఉంది.

గ్లూటాథియోన్ సెలైన్లో పెట్టి ఎక్కిస్తే పెళ్ళినాటికి పిల్ల తెల్లబడుతుందని మాఘమాసం ముందు ఒకటే ఫోన్లు. ఫిలిప్పీన్స్‌లో ఇది బాగా ఎక్కువైపోయి అక్కడి ప్రభుత్వ మందుల సంస్థే దీనిమీద హెచ్చరిక చెయ్యాల్సి వచ్చింది. బిళ్ళగా మింగితే పేగుల్లో చాలావరకు విరిగిపోతుంది, నరానికి ఎక్కిస్తే అలర్జీ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. పిల్ల రంగు బానే ఉందమ్మా అని ఫోన్ పెట్టేస్తాను, మా ఆవిడ అంటుంది నీకెందుకయ్యా అని.

ఇరవై ముప్ఫై పేర్లు కలిపి గ్రీన్ టీ, ద్రాక్ష గింజ, జిన్‌సెంగ్, క్యూ టెన్ 10 ఎంజీ అని రాసి ఉండే మెరుపు డబ్బాలు కొనకండి. అన్నీ చిటికెడు చిటికెడు ఉంటాయి, దేని డోసూ సరిపోదు, ఏదైనా పడకపోతే ఏది పడలేదో తెలియదు. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఉంటే అది ఆహారం కింద అమ్ముడుపోయే సరుకు, దాని మీదే వైద్యానికి వాడేది కాదని రాసి ఉంటుంది చిన్న అక్షరాలతో, చదివితే కనిపిస్తుంది. కీమో జరుగుతున్నవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు, ఆపరేషన్ దగ్గర పడ్డవాళ్ళు ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకూడదు.

అన్నట్టు ఆ పొద్దున్న బాబాయ్ సంగతి. కూర్చోబెట్టి కదిపితే మెల్లగా బయటికొచ్చింది, షుగర్ తొమ్మిదేళ్ళ నుంచి, రాత్రిళ్ళు అరికాళ్ళు మండి తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటున్నాడంట, ఇంట్లో చెప్తే హాస్పిటల్ అంటారని వీడియోలు చూస్తున్నాడు. ఆ రోజు ఏ బిళ్ళా ఇవ్వలేదు, బీ12, మూడు నెలల షుగర్ పరీక్ష రెండూ కాయితం మీద రాసిచ్చి ల్యాబుకి పంపించాను. సాయంత్రం రిపోర్టు పట్టుకుని మళ్ళీ వచ్చాడు, బీ12 బాగా తక్కువుంది. డాక్టరు గారు ఇంజెక్షన్లు రాశారు, నా షాపులో వాటి ఖరీదు ఆయన వీడియోలో చూసిన డబ్బా ఖరీదులో పదో వంతు కూడా కాలేదు.